మచ్చ మాయమగునా?
దండచేతి కోతను గూర్చి ఒక విమర్శ

జగ్గయ్యపేట నుండి నందిగామ వచ్చు దారిలో బస్సు కిటికీనుండి చూచినవారికి సిమెంటు ప్రకటనలు, పత్తి విత్తనముల ప్రకటనలు కొత్తవి కావు. ఈ మధ్య వాటి నడుమ శరీర సౌష్ఠవమునకు సంబంధించిన ప్రకటనలు కూడ కనిపిస్తున్నవి. అట్టివానిలో ఒకటి దండచేతులను గూర్చినది: వ్రేలాడు చర్మమును తొలగిస్తారట, మచ్చ కనపడదట. నా ప్రక్కన కూర్చున్న విద్యార్థి దానిని చదివి, "మాస్టారూ, చర్మము కోసిన తరువాత మచ్చ లేకుండ ఎట్లా ఉంటుందండీ?" అని అడిగినాడు.

పిల్లవాడు ఒక పొరపాటు చేసినాడు. ప్రకటనలో ఉన్నది "కనపడదు" అను మాట. అతడు దానిని "ఉండదు" అని చదువుకొన్నాడు. కాని ఆ పొరపాటు అతనిది మాత్రమే కాదు. చదువుకొన్న పెద్దలు కూడ అట్లే చదువుకొంటారు. ఈ రెండు మాటలకు నడుమ ఎంత దూరమున్నదో శాస్త్రరీత్యా పరిశీలించుటే ఈ వ్యాసపు ఉద్దేశము.

మొదట మచ్చ అనగా ఏమి? ఇందుకు ప్రయోగశాలకు పోనక్కరలేదు. పాఠకులలో అనేకుల ఎడమ దండచేతిమీద బి.సి.జి. టీకా మచ్చ ఉన్నది. ఈ టీకా చరిత్రలో మన తెలుగుదేశమునకు కొంత పాత్ర కలదు; 1950లో మదనపల్లె ప్రాంతమున దీనిని గూర్చి ఒక పెద్ద పరిశీలన ప్రారంభమైనది. దండచేతి వెలుపలి వైపున, భుజకండరము ఎముకకు అంటుకొను చోట ఈ టీకా వేయవలెనని నియమము. అంతకు పైన, భుజపు కొనకు దగ్గరగా వేసినచో మచ్చ గడ్డవలె పెరుగు ప్రమాదము హెచ్చు. అదే చేయి, అదే సూది, అదే మందు. నాలుగు వ్రేళ్ళ ఎడము మారినంతనే మచ్చ స్వభావము మారవచ్చును. మచ్చకు చోటు ముఖ్యమని తెలుపుటకు ఇంతకంటె దగ్గరి ఉదాహరణము లేదు.

చర్మమునకు పైపొర, లోపొర అని రెండు ముఖ్య భాగములున్నవి. పైపొర మాత్రమే గీరుకొన్నచో మచ్చ మిగలదు. కోత లోపొరను దాటినదా, ఇక మచ్చ తప్పదు. లోపొరలో కొల్లాజెన్ అను మాంసకృత్తు పోగులు నులకమంచపు అల్లికవలె అన్ని దిక్కులకు పెనవేసికొని ఉంటవి. గాయము మానునప్పుడు శరీరము తొందరగా పని ముగించుకొనవలెను. కావున ఆ అల్లికను యథాతథముగా తిరిగి అల్లదు. పోగులను చాలవరకు ఒకే దిక్కున పరచి గండిని పూడ్చివేస్తుంది. ఆ పూడికయే మచ్చ. దానిలో వెండ్రుకల కుదుళ్ళు, స్వేదగ్రంథులు ఉండవు. మూడు వారములకు దాని బలము మామూలు చర్మములో అయిదవ వంతుకు అటూ ఇటూ ఉంటుంది; మూడు నెలలు గడచిన తరువాత నూటికి ఎనుబది పాళ్ళ వరకు రావచ్చును. పూర్తి బలము ఎన్నటికిని రాదు. ఎరుపు తగ్గి, గట్టిదనము పోయి మచ్చ కుదుటపడుటకు ఒక సంవత్సరము మొదలు ఏడాదిన్నర వరకు పడుతుంది. తల్లి గర్భములో తొలి మాసములలోని పిండమునకు మాత్రమే మచ్చ లేకుండ గాయము మానే శక్తి కలదు. పుట్టిన తరువాత మనకెవ్వరికి ఆ భాగ్యము లేదు.

కావున "మచ్చ ఉండదు" అనుట శాస్త్రవిరుద్ధము. ఇక "కనపడదు" అను మాటను చూతము.

దండచేతి శస్త్రచికిత్సలో కోత ఎందుకంత పొడవుగా ఉండవలెనో తెలియుటకు దర్జీ దుకాణమునకు పోవుట మేలు. రవిక చేయి వదులైనదని ఇస్తే అతడేమి చేస్తాడు? చంక నుండి అంచు వరకు నిలువుగా కుట్టు బిగిస్తాడు. అంచును మడిచి కుట్టినచో చేయి పొట్టి అగునే గాని బిగువు కాదు. చర్మమునకు కూడ ఇదే లెక్క. ఒక దండచేతి చుట్టుకొలత 36 సెంటీమీటర్లు ఉన్నదనుకొనుడు. దానిని 30కి తగ్గించవలెనన్నచో 6 సెంటీమీటర్ల వెడల్పు చర్మమును నిలువుగా తీసివేయవలెను. ఆ ముక్కను చేప ఆకారమున కోస్తారు. కొనలవద్ద చర్మము ముడుచుకొని గుబ్బలు కట్టకుండుటకు పొడవు వెడల్పుకు సుమారు మూడురెట్లు ఉండవలెనని శస్త్రవైద్యుల వాడుక. అనగా 18 సెంటీమీటర్లు. చంక నుండి ఇంచుమించు మోచేతి వరకు వచ్చినది గదా! చంకలోనే ముగియు పొట్టి కోత కూడ ఒకటి ఉన్నది. అది చర్మమును పైకి లాగునే గాని చుట్టుకొలతను తగ్గించలేదు; కావున చంకకు దగ్గరగా కొద్దిపాటి వదులు ఉన్నవారికే పనికివస్తుంది. గొట్టముతో క్రొవ్వును మాత్రమే పీల్చివేయు పద్ధతిలో మచ్చలు చిన్నవే. కాని చర్మమునకు తనంత తాను ముడుచుకొను సాగుడుగుణము మిగిలియున్నప్పుడే అది ఫలిస్తుంది. పొట్టి కోతతో పెద్ద వదులును సరిచేస్తామని చెప్పు ప్రకటన దర్జీ లెక్కకే నిలువదు.

ఇచ్చట గ్రంథములలోని ఒక సిద్ధాంతమును కూడ విమర్శింపవలసియున్నది. 1834లో ఫ్రెంచి వైద్యుడు డ్యూపిట్రాన్, ఆరెవంటి గుండ్రని పనిముట్టుతో పొడిచిన గాయము గుండ్రముగా గాక సన్నని చీలికగా ఉండుటను గుర్తించినాడు. 1861లో వియన్నాలోని కార్ల్ లాంగర్ మృతదేహముల చర్మమును అట్టి పనిముట్టుతో వేలచోట్ల పొడిచి, చీలికలను కలిపి శరీరమంతటికి రేఖాపటము గీసినాడు. ఆ పటము నాటినుండి నేటివరకు పుస్తకములలో ముద్రింపబడుతూనే ఉన్నది. దాని క్రింద సామాన్యముగా ఒక సూత్రము కనిపిస్తుంది: ఈ రేఖల వెంట కోసినచో మచ్చ సన్ననగును.

లాంగర్ కృషి గొప్పది. కాని సూత్రము మాత్రము పటము చెప్పినదానికంటె ఎక్కువ చెబుతున్నది. పటము మృతదేహములది, మచ్చ బ్రతికియున్న, కదలాడుచున్న శరీరముమీద పడునది. 1951లో క్రైస్ల్ అను వైద్యుడు కండరముల లాగుడుకు అడ్డముగా పడు ముడుతలను అనుసరింపవలెనన్నాడు. 1962లో బోర్జెస్, అలెగ్జాండర్ అనువారు, విశ్రాంతిగా ఉన్న చర్మమును వ్రేళ్ళతో నొక్కిపట్టి చూచినప్పుడు ఏర్పడు రేఖలే నమ్మదగినవన్నారు. ఈ రేఖలు లాంగర్ రేఖలతో అన్నిచోట్ల కలియవు. విద్యార్థులు తమ దండచేతిమీద చర్మమును ఒకసారి నిలువుగాను, ఒకసారి అడ్డముగాను నొక్కి, ఏ దిక్కున ముడుతలు సుళువుగా లేచుచున్నవో చూడవచ్చును.

అసలు చిక్కు మరొకటి. ఈ రేఖలు దండచేతిమీద సామాన్యముగా చేతిని చుట్టివచ్చు దిక్కున ఉంటవి. మన దర్జీ లెక్క ప్రకారము కోత నిలువుగా ఉండి తీరవలెను. అనగా రేఖల వెంట కోయు స్వేచ్ఛ ఈ చికిత్సలో వైద్యునికి లేదు. కోత రేఖలను దాటియే పోవలెను. అట్టి కోత అంచులను చర్మపు బిగువు ఇరువైపులకు లాగుచుండును. మచ్చ వెడల్పగుటకు, ఎత్తుగా లేచుటకు ఇది ఒక కారణము. దీనికి వైద్యులు వెదకిన ఉపాయము రేఖలలో లేదు, లోతులో ఉన్నది. 1995లో లాక్‌వుడ్ అను వైద్యుడు చర్మము క్రింది గట్టి పొరను పట్టి కుట్టి, భారమును దానిపై వేయు పద్ధతిని వివరించినాడు. పై అంచులకు లాగుడు తగ్గినప్పుడు మచ్చకు కొంత మేలు కలుగును.

మనవారిలో మరొక ధోరణి కలదు. అన్నియు మన పూర్వులకు తెలిసినవే అనుట. సుశ్రుత సంహిత సూత్రస్థానములో కోతల దిక్కును గూర్చిన మాట నిజముగానే ఉన్నది. కనుబొమలు, చెంపలు, నుదురు, పెదవులు, గజ్జలు మొదలగు చోట్ల అడ్డకోత చేయవలెనని చెబుతూ ఆ పట్టికలో చంకను కూడ చేర్చినాడు. మరొక విధముగా కోసినచో సిరాస్నాయువులు తెగుట, అధిక బాధ, గాయము ఆలస్యముగా మానుట, మాంసము గడ్డకట్టి పెరుగుట సంభవించునని హెచ్చరించినాడు. కోత దిక్కుకు మచ్చ పెరుగుదలకు సంబంధమును ఇంత స్పష్టముగా చెప్పిన ఆ పరిశీలనకు మనము తప్పక గర్వింపవచ్చును. కాని సుశ్రుతుడు చర్మపు బిగువును కొలిచినాడనిగాని, దండచేతి చర్మమును తగ్గించు చికిత్స చేసినాడనిగాని చెప్పుటకు ఆధారము లేదు. ఈ చికిత్స నేటి రూపమునకు ఇరవయ్యవ శతాబ్దిలోనే వచ్చినది. 1954లో అర్జెంటీనా వైద్యులు కొర్రియా ఇటురాస్పే, ఫెర్నాండెజ్ దీనిని వివరించినారు.

ఇక కోత చోటు. వైద్యులలో రెండు పక్షములున్నవి. ఒకరు దండచేతి లోపలి వైపున, కండరము ప్రక్కన ఉండు గాడిలో మచ్చ పడవలెనంటారు. చేయి దించి నిలుచున్నప్పుడు అది ప్రక్కటెముకల చాటున ఉండును. రెండవవారు దానిని వెనుకకు జరుపవలెనంటారు. అప్పుడు ఎదుటివారికి కనపడదు, వెనుకనున్నవారికి కనపడును. ఏ పక్షము సరియైనది? చూచువాడు ఎక్కడ ఉన్నాడో, చేయి ఏ స్థితిలో ఉన్నదో చెప్పనిదే ఈ ప్రశ్నకు సమాధానము లేదు. చేయి దించుకొని ఛాయాచిత్రమునకు నిలుచున్న మనిషి లోకములో ఎంతసేపు అట్లే ఉంటాడు? ఒక ఉపాధ్యాయురాలిని తీసికొనుడు. నల్లబల్లవైపు తిరిగి వ్రాయునప్పుడు దండచేతి వెనుకభాగము తరగతికి కనిపిస్తుంది. పిల్లల వైపు సగము తిరిగి, చేయెత్తి ఒక మాటను చూపునప్పుడు లోపలిభాగము కనిపిస్తుంది. మోచేతి వరకు చేతులున్న రవిక తొడిగినచో రెండును కనపడవు! జగ్గయ్యపేట స్తూపపు పలకమీది చక్రవర్తి చేయి పైకెత్తి నిలుచున్నాడు. ఆకాశమునుండి నాణెములు రాలుచున్నవి. అట్టి భంగిమలో దాచబడిన మచ్చ అనునది ఉండదు. మచ్చకు చోటు నిర్ణయించుటలో శరీరశాస్త్రమెంతో, మనిషి వృత్తి, దుస్తులు, అలవాట్లు కూడ అంతే.

కంటికి కనపడని నష్టములు కూడ ఉన్నవి. ముంజేతి లోపలి వైపునకు స్పర్శజ్ఞానము నిచ్చు నాడి ఒకటి దండచేతి నడిమి భాగమునకు అటూ ఇటూ లోతునుండి పైకి వచ్చి, ఒక పెద్ద సిర ప్రక్కగా నడచును. లోపలి గాడిలో కోయునప్పుడు అది దెబ్బతినినచో ముంజేయి తిమ్మిరెక్కి ఉండవచ్చును, నొప్పి కూడ నిలిచిపోవచ్చును. కోతను కొంత వెనుకకు జరుపుటకు, ఆ దారిలో కొద్దిగా క్రొవ్వును వదలివేయుటకు ఇది ఒక హేతువు. మరొకటి చంక. కీలును దాటి తిన్నగా పోయిన మచ్చ కుదించుకొని చేతిని పైకి లేవనీయదు. కాలిన గాయములు మానిన తరువాత చంక అంటుకొనిపోయినవారిని మనము చూచియే ఉంటాము. అందుచేత చంకవద్ద కోతను తిన్నగా గాక వంకరలు త్రిప్పి తీస్తారు. ఆ వంకర మచ్చను కొంత పొడవు చేస్తుంది. కాని చేతికి స్వేచ్ఛ నిస్తుంది. అందమునకు పనికి పోటీ వచ్చినప్పుడు పనియే గెలువవలెను.

ఇదంతయు చెప్పుట ఈ చికిత్స తగదనుటకు కాదు. చాల బరువు తగ్గినవారికి వ్రేలాడు చర్మము ఒరుసుకొని, మన మెట్టసీమ వేసవిలో చెమటకు పాసి, దద్దురులు కట్టి బాధించును. అట్టివారికి పొడవైన మచ్చ న్యాయమైన వెల కావచ్చును. ఆ వెలను ముందుగా చెప్పవలెననునదే నా వాదము. మన చర్మపు రంగులో గడ్డకట్టు మచ్చలు తెల్లవారిలోకంటె హెచ్చు. గాయపు హద్దులలోనే ఉబ్బియుండు మచ్చ కాలక్రమమున తగ్గవచ్చును గాని, హద్దు దాటి పెరుగు కీలాయిడ్ తనంతట తగ్గునది కాదు. కొత్త మచ్చ ఎండకు నల్లబడును. మిరపచేలలో పగలంతయు పనిచేయువారు ఏడాది కాలము దానిని కప్పుకొనవలెను. ఒకరి టీకా మచ్చ గడ్డకట్టియుంటే ఆ సంగతి వైద్యునికి మొదటనే చెప్పవలెను. అది వారి చర్మము వ్రాసి ఇచ్చిన సాక్ష్యము.

ఉపాధ్యాయులకు ఒక మనవి. చర్మమును గూర్చిన పాఠము చెప్పునప్పుడు పొరల పేర్లతో ముగింపక, రవిక చేతి లెక్కను, వ్రేళ్ళతో నొక్కి చూచు పరీక్షను కూడ చేయించుడు. ప్రకటనలోని ప్రతి క్రియాపదమును ప్రశ్నింపనిండు: ఎవరికి కనపడదు? ఎప్పుడు కనపడదు? ఎంతకాలము తరువాత కనపడదు?

నందిగామలో బస్సు దిగుచు ఆ విద్యార్థి, "అయితే ఆ బోర్డుమీద ఏమని వ్రాయాలండీ?" అని అడిగినాడు. మచ్చ ఉంటుందని, అది ఎంత పొడవో, ఎక్కడ పడునో కోతకు ముందే కలిసి నిర్ణయించుకొందమని వ్రాయవలెనన్నాను. "అట్లా వ్రాస్తే ఎవరు వస్తారు మాస్టారూ?" అన్నాడు. నిజముగా అవసరమున్నవారు వస్తారు.