చూడని గాలికి దండం

గాలీ, నిన్ను చూసినవాళ్లు లేరు. నువ్వు తాకినవాటినే చూస్తాం. మైపాడు సరుగుడు తోటల్లో నీ హోరు, కోడూరు ఒడ్డున ఇసుక మీద నీ చారలు, కృష్ణపట్నం రేవు బయట నీళ్ల మీద సన్నగా లేచే ముడతలు. ఆ ముడతల దగ్గరే ఉపగ్రహం నిన్ను పట్టుకుంటుంది. 720 కిలోమీటర్ల ఎత్తున మీటరు వెడల్పు పళ్లెం ఒకటి నిమిషానికి ఇరవై చుట్లు తిరుగుతూ సముద్రం మీదికి రాడార్ తరంగాలు వదులుతుంది. సెంటీమీటర్లలో కొలిచేటంత చిన్న అలలకు తగిలి తిరిగొచ్చిన కాస్త శక్తిని లెక్కగట్టి, ఇక్కడ గాలి ఇంత వేగం, ఈ దిక్కు నుంచి, అని చెబుతుంది. ఆ పరికరం పేరు స్కాటరోమీటర్.

దాన్ని మోసుకుని 2009 సెప్టెంబరు 23న ఓషన్‌శాట్-2 పైకి లేచింది శ్రీహరికోట నుంచే. అది ఎగిరిన రెండు నెలలకే అమెరికా ఉపగ్రహం క్విక్‌స్కాట్ పళ్లెం తిరగడం ఆగిపోయింది. అప్పుడు ప్రపంచం మన తీరం నుంచి వెళ్లిన కంటితో నిన్ను చూసింది. 2012లో న్యూయార్క్ మీదికి వెళ్లిన శాండీ తుపాను గాలుల్ని కూడా అదే కొలిచింది. 2014 ఫిబ్రవరిలో ఆ కన్నూ మూతపడింది. 2016 సెప్టెంబరు 26న స్కాట్‌శాట్-1 వెళ్లేదాకా మనకంటూ సొంత చూపు లేదు. అదీ 2021లో ఆగింది. 2022 నవంబరు 26న ఈవోఎస్-06 అందుకుంది. ఒక కన్ను ఆగి మరొకటి తెరుచుకునే లోపు కూడా నువ్వు వీస్తూనే ఉన్నావు, బోట్లు వెళుతూనే ఉన్నాయి.

కన్ను తెరిచి ఉన్నా అన్నీ కనిపించవు. ఉపగ్రహం సముద్రాన్ని పట్టీలు పట్టీలుగా చూసుకుంటూ పోతుంది. ఒక పట్టీకీ మరో పట్టీకీ నడుమ చూడని నీళ్లు మిగులుతాయి. యూరప్‌వాళ్ల స్కాటరోమీటర్ ఆస్కాట్‌కైతే అది చూసే రెండు పట్టీల మధ్యే దాదాపు 700 కిలోమీటర్ల ఖాళీ. పెద్ద వాన కురిస్తే మన పరికరానికి వాన చినుకే అడ్డం, చినుకుల దెబ్బకు నీళ్ల మీద పడే గుంటలు మరో అడ్డం. తుపాను నడిబొడ్డున, నిన్ను తప్పక చూడాల్సిన చోటే, చూపు మసకబారుతుంది. ఇంకొక చిక్కుంది. నువ్వు ఎదురుగా వచ్చినా, అదే గీత మీద వెనక్కి పోతున్నా ఆ అలలు దానికి ఇంచుమించు ఒకేలా కనిపిస్తాయి. అందుకని ఒక్కో చోటికి నాలుగు దాకా దిక్కులు ఇచ్చి, వీటిలో ఏదో ఒకటి, అంటుంది. ఆ నాలుగింటిలో అసలైనదాన్ని ఎంచడమే ఒక విద్య.

అన్నిటికన్నా నన్ను బాధపెట్టే ఖాళీ మన గడప దగ్గరిది. రాడార్ చుక్కలో కాస్త నేల కలిసినా ఆ కొలత చెడిపోతుంది. నేల నుంచి వచ్చే ప్రతిధ్వని నీటి మాటను మింగేస్తుంది. అందుకే ఒడ్డు నుంచి పాతిక కిలోమీటర్ల దాకా కొలతలను చాలాకాలం పక్కన పెట్టేశారు. జువ్వలదిన్నె, ఇసకపల్లి, తూపిలిపాళెం ఫైబర్ బోట్లు రోజూ తిరిగేది ఆ పాతికలోనే. 2023 డిసెంబరులో మిచౌంగ్ తుపాను ఈ తీరాన్ని ఒరుసుకుంటూ ఉత్తరానికి నడిచి, 5వ తేదీన బాపట్ల దగ్గర నేలకెక్కింది. అంతరిక్షం నుంచి చూపు ఆనని అంచునే పట్టుకుని వెళ్లింది!

ఇక్కడే నా దండం. ఖాళీని ఖాళీగా వదిలేయని వాళ్లకు, ఖాళీలో నోటికొచ్చిన అంకె రాయని వాళ్లకు. తగవు తీర్చే పెద్దమనిషి సాక్షులందరి మాటా విని, ఎవరి మాటకు ఎంత విలువో తూచినట్టు తూస్తారు వాళ్లు. ఆరు గంటల కిందట పక్కనుంచి పోయిన ఉపగ్రహం ఒక సాక్షి. బంగాళాఖాతంలో లంగరేసి, చెన్నై సముద్ర సాంకేతిక సంస్థ కాపాడుకునే బోయా ఒక సాక్షి. అది నిన్ను ముఖాముఖి కొలుస్తుంది, కానీ నిలబడ్డ ఒక్క చోటే. దారిన పోయే ఓడ, ఒడ్డున వాతావరణ కేంద్రం, శ్రీహరికోట డాప్లర్ రాడార్, వీళ్లందరితో పాటు భౌతికశాస్త్ర సమీకరణాలు. ఆ సమీకరణాలు నిన్ను కళ్లతో చూడకపోయినా నీ నడక తెలిసినవి. దగ్గరి సాక్షికి ఎక్కువ బరువు, దూరపు సాక్షికి తక్కువ. తరచూ తప్పు చెప్పేవాడికి ఇంకా తక్కువ. అన్నీ కలిపి గళ్లు గీసిన సముద్రంలో ప్రతి గడికీ ఒక వేగం, ఒక దిక్కు.

ఆ గడిలో అంకె పక్కన మరో అంకె కూడా ఉంటుంది, ఈ లెక్క ఎంత తప్పి ఉండవచ్చో చెప్పేది. నాకు ప్రాణం ఆ రెండో అంకె మీద. చూసిన చోట అది చిన్నది, చూడని చోట పెద్దది. పటం మీద రంగులు ఎంత నున్నగా కలిసిపోయినా ఆ అంకెను చెరపకూడదు. నిండిన పటాన్ని చూసి మనం అంతా చూశామనుకుంటే, బలయ్యేది అలల మీద ఉన్నవాడే.

పాతిక కిలోమీటర్ల అంచు ఇప్పుడు సన్నబడుతోంది. ప్రతిధ్వనిలో నేల వాటా ఎంతో విడదీసి ఒడ్డుకు మరింత దగ్గరగా కొలిచే పద్ధతులు వచ్చాయి. 2022 ఫిబ్రవరిలో శ్రీహరికోట నుంచే వెళ్లిన ఈవోఎస్-04 లాంటి రాడార్ ఉపగ్రహాల చిత్రాల్లో తీరం పక్కన నీ చారలు సన్నసన్నగా దొరుకుతాయి. అవి రోజూ రావు. వచ్చిన రోజు వదులుకోకూడదు.

గాలీ, నైరుతిలో కొండల మీదుగా వేడిగా దిగినా, ఈశాన్యంలో చలువతో వాన మోసుకొచ్చినా, లెక్కకు చిక్కినా చిక్కకపోయినా నీకు దండం. హైదరాబాదులో సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ తెరల ముందు రాత్రుళ్లు కూర్చుని నీ గడులు నింపేవాళ్లకు దండం. నిండిన గడి నుంచి కబురు పుట్టి, అది జువ్వలదిన్నెలో ఒక ఫోనుకు చేరుతుంది: గంటకు 45 నుంచి 55 కిలోమీటర్ల వేగంతో ఈదురుగాలులు, ఒక్కోసారి 65, వేటకు వెళ్లొద్దు. ఆ మాట విని బోటును ఒడ్డు మీదికి లాగి, ఇంజిను విప్పి ఇంటికి మోసుకుపోయే మనిషికి అన్నిటికన్నా పెద్ద దండం.