ఇంటి వీడియోలు - ఇంటి తెలుగు

యువకులు తమ యింటనో పొలమునందో, చేతనున్న కెమెరాతో తీయు వీడియోలను విమర్శకు తగిన వస్తువుగా నెంచువారు మనలో తక్కువ. కాలక్షేపమని త్రోసివేయుట సులభము. కాని భాషాదృష్టితో చూచినచో, ఇతర రాష్ట్రములందు తరతరములుగా స్థిరపడిన మనకు వానియందు విచారింపదగినది చాల కలదు.

తెలంగాణమున జగిత్యాల జిల్లాలోని లంబాడిపల్లెలో శ్రీరాం శ్రీకాంత్ 2012లో ‘మై విలేజ్ షో’ను ప్రారంభించెను. పాత్రధారులు ఊరివారు, రంగస్థలము వారి వాకిళ్లు, చేలగట్లు. వీరిలో మిల్కూరి గంగవ్వ ప్రత్యేకముగా పేర్కొనదగినది. కూలిపని చేసికొని బ్రతికిన యీమె ఏబది యేండ్లు దాటిన పిదప నటనకు వచ్చి, 2019లో ‘మల్లేశం’ చిత్రమునందును నటించినది. ఆమె తిట్టునప్పుడు స్వరము సాగుతీరు, మాట మధ్య నాగి ఎదుటివానిని చూచు చూపు - ఇవి ఏ రచయితయు వ్రాసి యీయలేనివి. తెలుగు సినిమా చిరకాలము తెలంగాణపు మాటను విదూషకునకో దుష్టపాత్రకో వదలినది. లంబాడిపల్లెలో ఆ మాటయే గద్దించును, లాలించును, బేరమాడును, బుద్ధి చెప్పును. నా దృష్టిలో ఈ వీడియోల సాహిత్యగుణ మిదియే. లోపములు లేకపోలేదు: కొన్నిట సందర్భముకంటె నేపథ్యధ్వనుల సందడి హెచ్చు. గంగవ్వ మౌనమే చాలినచోట వాద్యఘోష యెందుకు?

అనుకరణమంతయు దోషమని నా యభిప్రాయము కాదు. మహారాష్ట్రమున మరమగ్గముల పట్టణమైన మాలెగావులో, వీడియో హాలు నడపిన నాసిర్ షేక్ తన మిత్రులతో కూడి, 2000 ప్రాంతమున ‘షోలే’కు హాస్యానుకరణము తీసెను. కెమెరాను కదలించుటకు సైకిలును, ఎద్దుబండిని వాడుకొనిన వారి నేర్పు మెచ్చదగినది. అంత పెద్ద చిత్రమును వారు తమ సందులలోనికి దింపిరి. తాము దాని నీడలో నిలువలేదు.

మన పిల్లల సంగతి వేరు. తమిళనాట 2006 నాటి చట్టము తమిళమును ఒకటవ తరగతి మొదలు ఏటేట పై తరగతులకు నిర్బంధపాఠ్యము చేసినది. హోసూరు ప్రాంతమున తెలుగు మాటాడుచు తెలుగు చదువలేని బాలురు కలరు. లిపి తప్పినను నోట మాట మిగిలినది. వీడియోకు కావలసినదియు నోటి మాటయే. అయినను కెమెరా యెదుట నిలిచినంతనే మన యువకుడు సినిమా తెలుగునకు మరలును. సోలాపురమున పద్మశాలి యింటి ముసలమ్మ పలుకు తెలుగులో మరాఠీ మాటలున్నవని సిగ్గేల? ఆ కలయికలోనే ఆ కుటుంబపు వలసచరిత్ర యున్నది.

సంఘములవారు వీడియో పోటీలు పెట్టునప్పుడు, సినిమా పాటలకు పెదవులు కదపు వానికిగాక, ఇంటి మాటతో తీసినవానికి బహుమతు లిచ్చుట మేలు. యూట్యూబును మాత్రమే నమ్మరాదు. ఖాతా మూతపడినచో అంతయు పోవును. ఒక్కొక్క ప్రతిని ఊరి పేరు, తేది, మాటాడినవారి వయస్సు, వృత్తి వ్రాసి, సంఘ గ్రంథాలయమున నుంచవలెను.