దొంగ దొరికాడు, తర్వాత?

నాకు డిటెక్టివ్ నవలల పిచ్చి. పొయ్యిమీద పాలు పొంగిపోయినా సరే, హంతకుడెవరో తేలేదాకా పుస్తకం కింద పెట్టను. మీలో చాలామంది సంగతీ ఇంతేనని నాకు తెలుసు. అయితే ఈమధ్య ఆ నవలల ఆఖరి పేజీ చూస్తే చిరాకేస్తోంది. దొంగ దొరికాడు, సంకెళ్ళు పడ్డాయి, కథ కంచికి. వాడు దొంగ ఎందుకయ్యాడో చెప్పడానికి మాత్రం పేజీలు మిగలవు.

ఎవరినో అనడం ఎందుకు? నా సీరియల్ ఒకదాంట్లో నగలపెట్టె ఎత్తుకుపోయింది పనిమనిషి. పాలమూరు నుంచి వలస వచ్చిందని రాశాను. అలా రాస్తే పాఠకులు ఇట్టే నమ్ముతారనుకున్నాను. నమ్మారు కూడా!

కొన్నేళ్ళ క్రితం వనపర్తిలో ఓ పెళ్ళికి వెళ్ళాను. పనిలో పనిగా గద్వాల వెళ్ళి, నూలుచీరకి పట్టంచు కలిపిన ఆ నేత చూసి మురిసిపోయి, రెండు చీరలు కొన్నాను. తిరుగు ప్రయాణంలో బస్టాండులో ఓ కుటుంబం కనబడింది. మూటలు, గిన్నెలు, చంటిపిల్ల. నాగర్‌కర్నూలు దిక్కువాళ్ళట. ఎక్కడికమ్మా అంటే, "మేస్త్రి కాడ పైసలు తీస్కున్నం. తీరేదాంక పోవాలె గద" అంది ఆ తల్లి.

పక్కనే కృష్ణ, తుంగభద్ర పారుతున్నా ఆ సీమ పొలాలు దశాబ్దాల తరబడి వానకోసం ఎదురుచూశాయి. అక్కడి జనం ఊళ్ళు వదిలి, దేశమంతటా ప్రాజెక్టులకు మట్టి మోశారు. ఇంత లేమిలోనూ పరాయి సొమ్ము ముట్టనివాళ్ళే ఎక్కువ. అందుకే "పేదరికమే నేరానికి కారణం" అని ఒక్క ముక్కలో తేల్చెయ్యడం కూడా పేదవాళ్ళని అవమానించడమే అంటాను. అసలు దేన్ని నేరమంటున్నాం? అప్పు పేరుతో మనిషిని కట్టిపడేసే వెట్టిని 1976లో చట్టం నిషేధించింది. ఆ నేరగాణ్ణి పట్టుకున్న డిటెక్టివ్‌ని నేనింతవరకు ఏ నవల్లోనూ చూడలేదు.

ఇంటికొచ్చాక సురవరం ప్రతాపరెడ్డిగారి 'ఆంధ్రుల సాంఘిక చరిత్ర' మళ్ళీ తిరగేశాను. ఆయనదీ గద్వాల ప్రాంతమే, ఇటిక్యాలపాడు. 1952లో వనపర్తివాళ్ళు ఆయన్ని శాసనసభకి పంపారు. 1949లో వచ్చిన ఈ పుస్తకంలో ఆయన రాజుల యుద్ధాలు పక్కనబెట్టి, జనం ఏం తిన్నారు, ఏం కట్టారు, దేన్ని నమ్మారు అని వెతికారు. తెలుగులో మొదటి సాహిత్య అకాడమీ బహుమతి, 1955లో, దీనికే వచ్చింది. నేరకథలు రాసే మాకు ఇందులో పెద్ద పాఠముంది. బీరువామీది వేలిముద్రలతోపాటు, ఆ వేళ్ళవాళ్ళింట్లో పొయ్యి వెలిగిందో లేదో కూడా చూడాలి. తప్పుని ఒప్పు చెయ్యడానికి కాదు, తప్పు ఎక్కడ మొదలైందో తెలుసుకోడానికి.

బ్రిటిషువాళ్ళు 1871లో కొన్ని కులాలవాళ్ళు పుట్టుకతోనే నేరస్థులని చట్టం చేశారు. తర్వాత మన ఎరుకలవాళ్ళూ ఆ జాబితాకెక్కారు. 1952లో ఆ చట్టం రద్దయింది. మన ఇళ్ళల్లో రద్దయిందా?

మొన్న మా వెండిగ్లాసు కనబడలేదు. ఇన్ని నీతులు చెప్పే నేను ముందు చూసింది మా పనమ్మాయి వైపే. గ్లాసు పూజగదిలో దొరికింది, నేను పెట్టిన చోటే. ఆ అమ్మాయి పల్లెత్తు మాట అనలేదు. కానీ ఆ పూట నేనిచ్చిన కాఫీ తాగకుండానే వెళ్ళిపోయింది.