గరగరల్లోంచి గొంతును పట్టేవారు

అట్లాంటిక్ నడిమధ్య ఎగిరే విమానానికి తీరంలోని రాడార్ చూపు ఆనదు, మామూలు వీహెచ్‌ఎఫ్ రేడియో అందదు. ఉత్తర అట్లాంటిక్ తూర్పు భాగంలో పైలట్ మాట వినేది ఐర్లండ్‌లోని బాలీగిరీన్ నుంచి పనిచేసే షాన్‌విక్ రేడియో. షార్ట్‌వేవ్ తరంగాలు అయనోస్ఫియర్‌లో వంగి దూరతీరాలకు దిగుతాయి. ఆ పొర పగలూ రాత్రీ ఒకేలా ఉండదు, అందుకే పగలు 8864 కిలోహెర్ట్జ్ వంటి ఎక్కువ ఫ్రీక్వెన్సీలు, రాత్రి 5616 వంటి తక్కువవి వాడతారు.

ఎస్‌ఎస్‌బీ (సింగిల్ సైడ్‌బ్యాండ్) రిసీవర్‌లో వింటే ఆపరేటర్ నేర్పు తెలుస్తుంది. హోరులోనే స్థానం, సమయం, ఎత్తు రాసుకుంటారు. ప్రతి అంకెనూ తిరిగి చదివి వినిపించి, స్కాట్లండ్‌లోని ప్రెస్ట్‌విక్ కంట్రోలర్లకు చేరవేస్తారు. విసుగుండదు, తొందరుండదు. ఉపగ్రహ సందేశాలు పెరిగిన ఈ రోజుల్లోనూ ఈ గొంతులు అవసరమే. వినడం కూడా ఒక విద్యేనని చాటుతున్న ఈ ఆపరేటర్లకు జోహార్లు.