గోకుడులోని రుచి

మా చిన్నక్క ఫ్రెంచ్ ఉల్లిపాయ సూప్ చేసే రోజున నేను ముందే వెళ్లి వంటింట్లో స్టూలు వేసుకుని కూర్చుంటాను. తినడం ఎంత ఇష్టమో, ఆవిడ చేస్తుంటే చూడటమూ నాకు అంతే ఇష్టం.

నలుగురికి కిలో ఉల్లిపాయలు. రెండు చెక్కలు చేసి, వేరు నుంచి మొలక వైపుకి నిలువుగా తరుగుతుంది. అడ్డంగా తరిగితే గంటసేపు సెగ మీద ఉండేసరికి గుజ్జయిపోతాయి. నిలువు తరుగు పోగులు పోగులుగా నిలుస్తుంది. బిరియానీకి తరిగినంత సన్నగా కూడా తరగదు.

గిన్నె అడుగు మందంగా ఉన్న స్టీలుదే కావాలి. నాన్‌స్టిక్‌లో అడుగు పట్టదు, ఈ వంటకి ఆ అడుగే ప్రాణం. యాభై గ్రాముల వెన్న, చెంచాడు నూనె, ఉల్లి, ఉప్పు వేసి మూత పెట్టేస్తుంది. పావుగంటలో గిన్నె నిండా ఉన్నది సగానికి దిగి, దాని నీళ్లలో అదే మగ్గుతుంది. ఉల్లిలో పదింట తొమ్మిది వంతులు నీరే. ఆ నీరున్నంతసేపూ వేడి నూరు డిగ్రీలు దాటదు, రంగు రాదు. నీరు ఇగిరాకే అసలు పని మొదలు. "సెగ పెంచితే ఉల్లి వేగుతుందిరా, మగ్గదు" అంటుంది అక్క. మగ్గడానికీ వేగడానికీ ఉన్న ఆ తేడాలోనే ఈ సూప్ అంతా ఉందని నాకనిపిస్తుంది. వేగిన ఉల్లి అంచులు మాడి, లోపల పచ్చిగా ఉంటుంది. మగ్గిన ఉల్లి లోపలి దాకా ఒకే రంగుకి తిరుగుతుంది: ముందు గడ్డి రంగు, తరవాత తేనె రంగు, చివరికి తాటిబెల్లం రంగు. చక్కెరలూ ప్రొటీన్ల ముక్కలూ వేడికి కలిసి ఇచ్చే రంగది. ఆ చర్యని 1912లో వివరించిన లూయీ కమీయ్ మయ్యార్ కూడా ఫ్రెంచివాడే.

ఈలోగా గిన్నె అడుగున గోధుమరంగు పొర పడుతుంది. అది నల్లబడేలోపు అక్క రెండు చెంచాల నీళ్లు చల్లి, చెక్క గరిటెతో గోకి ఉల్లిలో కలిపేస్తుంది. మళ్లీ పొర పట్టనిస్తుంది, మళ్లీ గోకుతుంది. గంట వ్యవధిలో అయిదారు సార్లు. ఎప్పుడు గోకాలో గడియారం చూసి చెప్పలేం. చిటపట తగ్గి, వాసనలో తీపి పక్కన చిరుచేదు తగిలిన క్షణాన ఆవిడ చెయ్యి గరిటె మీదికి వెళుతుంది. ఎన్నిసార్లు చూసినా ఆ క్షణం నాకు చిక్కలేదు.

ఈ సూప్ పేరులోనే గోకుడుంది. చీజ్ కప్పి కాల్చినదాన్ని పారిస్‌లో గ్రాటినే అంటారు. గోకడం అనే అర్థమున్న ఫ్రెంచి క్రియ నుంచి పుట్టిన మాట అది. నగరం నడిబొడ్డున ఉండిన లే ఆల్ టోకు మార్కెట్‌లో రాత్రంతా బరువులు మోసినవాళ్లు తెల్లవారుజామున తాగిన సూప్ ఇది. 1873లో వచ్చిన ఎమిల్ జోలా నవలకి నేపథ్యమైన మార్కెట్ కూడా అదే. 1969లో మార్కెట్ ఊరి బయట రుంజీస్‌కి తరలిపోయినా సూప్ అక్కడే ఉండిపోయింది. 1947లో ఆ పక్కనే తెరిచిన ‘ఓ పియే ద కొషోఁ’ అనే రెస్టారెంట్‌లో ఇప్పటికీ పెడతారు.

ఇక అక్క ఈ సూప్‌లో వేసే కారం. ఫ్రెంచివాళ్లకి కారం పడదనుకోకండి. బాస్క్ ప్రాంతంలో ఎస్పెలెట్ అనే ఊరి మిరపకి 2000లో ప్రాంతీయ గుర్తింపు ఇచ్చి కాపాడుకుంటున్నారు. కాకపోతే అది మెత్తని కారం. అక్క వాడేది గుంటూరు ఎండుమిర్చి. గంట మగ్గిన తీపిని అది ఒక్క గుటకలో తొక్కేయగలదు, అందుకే ఎక్కడ వేయాలన్నదే నేర్పు. మొదట్లో వేస్తే మాడి చేదెక్కుతుంది. ఆఖర్న పులుసులో వేస్తే పైపైన తేలి గొంతు పట్టుకుంటుంది, ఎందుకంటే మిరపలోని ఘాటు నీళ్లలో సరిగా కరగదు, కొవ్వులో కరుగుతుంది. అక్క మూడు మిరపకాయల గింజలు దులిపి, నానబెట్టి, మెత్తగా నూరి, ఉల్లి రంగు తిరిగాక వెన్న పైకి తేలే చోట ఆ ముద్ద వేస్తుంది. ఒక్క నిమిషం. పచ్చివాసన పోగానే చెంచాడు మైదా, అరగ్లాసు తెల్ల వైను, ఆఖరి గోకుడు, ఆపైన లీటరు ఎముకల రసం. అరగంట సన్న సెగ మీద కాగాక తాగి చూస్తే నాలుకకి ముందు ఉల్లి తీపి, తరవాత రసం, అది దిగాక ఛాతీలో వెచ్చగా కారం.

రొట్టె నిన్నటిదై ఉండాలి. ముక్కల్ని గలగలమనేదాకా ఎండకాల్చి, వెల్లుల్లి రుద్ది, దంచిన మిరియాలు కలిపిన వెన్న రాస్తుంది. మెత్తని రొట్టె మునుగుతుంది, దాంతో చీజూ మునుగుతుంది. చీజ్ గ్రూయేరే కావాలని పట్టుబడుతుంది. ఖరీదైనదే, అయినా ఆ మాట సబబే. మొజరెల్లా తీగలు సాగుతుంది గానీ ఇంత కారానికి ఎదురు నిలిచే రుచి దానికి లేదు.

పింగాణీ గిన్నెలు ఓటీజీలో పై కమ్మీ కింద అయిదు నిమిషాలు. చీజ్ పొంగి, అంచు మీంచి జారి, బయటివైపు అంటుకుని నల్లబడుతుంది. చిన్నప్పుడు పాలగిన్నె గోకుడు కోసం మేమిద్దరం పోట్లాడుకునేవాళ్లం. ఇప్పుడు అక్క తన గిన్నె అంచుని చెంచాతో గోకి, ఆ కరకరలాడే ముక్కని నా పళ్లెంలో పెడుతుంది.