చేపనూనె గోలీలో తొమ్మిది క్యాలరీలు

కాలిన గాయాలున్న మనిషికి పప్పు పెడితే చీము పడుతుందని మన దగ్గర గట్టి నమ్మకం. గుడ్డు వేడి చేస్తుందట, వంకాయ దురద పెడుతుందట, పెరుగు గాయాన్ని నానబెడుతుందట. ఇక మిగిలేవి ఇడ్లీ, జావ, కొబ్బరినీళ్లు. ఆస్పత్రి నుంచి ఇంటికొచ్చినవాళ్లను చూడటానికి సికింద్రాబాద్ బొల్లారం బజారు సందుల్లోకి వెళ్తే, ఈ పత్యంతో పాటు ఈమధ్య ఇంకొకటి కనబడుతోంది: దిండు పక్కన చేపనూనె గోలీల డబ్బా. దుబాయ్‌లో ఉన్న మరిది చెప్పాడనో, ఫోన్లో వీడియో చూశామనో కొంటారు. "రోజుకెన్ని ఇయ్యాలె మేడమ్?" అని అడుగుతారు. పొద్దున ఏం తిన్నాడమ్మా అని నేనడుగుతాను. "రెండు ఇడ్లీలు తిన్నడు."

ఆహార నిపుణుల పనిలో సగం లెక్కలే, అందుకని ఇక్కడే కాగితం తీస్తాను. పెద్దగా కాలిన ఒళ్లు మంచం మీద ఉన్నా ఊరుకోదు. గుండె వేగం పెరుగుతుంది, జ్వరం తగులుతుంది, కండ కరుగుతుంది. శరీరం ఖర్చుపెట్టే శక్తి మామూలుకు రెట్టింపు దాకా పోవచ్చు, ఆ ఉరవడి నెలల తరబడి తగ్గకపోవచ్చు. 1970ల్లో కరేరీ అనే అమెరికా సర్జన్ ఇచ్చిన సూత్రం ఒకటుంది: కిలో బరువుకు 25 క్యాలరీలు, కాలిన ప్రతి ఒక్క శాతం చర్మానికి ఇంకో 40. రోగి అరచేయి వేళ్లతో సహా సుమారు ఒక శాతం. అరవై కిలోల మనిషికి ముప్పై శాతం కాలితే 1,500కు 1,200 కలిపి 2,700. ఈ సూత్రం కాస్త ఎక్కువ చెబుతుందని తర్వాతి వాళ్లు తేల్చారు. పెద్ద ఆస్పత్రుల్లో ఇప్పుడు వేరే పద్ధతులున్నాయి, ఇంట్లో వాళ్లకు అర్థం కావడానికి మాత్రం ఇదే తేలిక. మాంసకృత్తులు కిలోకు ఒకటిన్నర నుంచి రెండు గ్రాములు, అంటే తక్కువలో తక్కువ 90 గ్రాములు. రెండు ఇడ్లీల్లో ఐదు గ్రాములు దాటదు.

ఇక గోలీ. అందులో గ్రాము నూనె, అంటే తొమ్మిది క్యాలరీలు. 2,700లో తొమ్మిది!

చేపనూనెను తేలిగ్గా తీసెయ్యడానికి ఈ మాట అనడం లేదు. దాని వెనక నిజమైన శాస్త్రం ఉంది. మనం వంటలో వాడే పొద్దుతిరుగుడు నూనె నిండా ఒమేగా-6 కొవ్వులే. వాటి నుంచి ఒంట్లో తయారయ్యే కొన్ని పదార్థాలు వాపును ఎగదోస్తాయి, రోగనిరోధక శక్తిని కుంగదీస్తాయి. చేపనూనెలోని ఈపీఏ, డీహెచ్‌ఏ అనే ఒమేగా-3 కొవ్వులు ఆ దారికి అడ్డుపడి, అంత ఘాటుండని పదార్థాలు తయారయ్యేలా చేస్తాయి. అసలే వాపుతో ఉడికిపోతున్న కాలిన శరీరానికి ఇది మేలు చేయాలి కదా అన్నది ఆశ.

1990లో అమెరికాలోని సిన్సినాటిలో గాట్‌ష్లిక్, అలెగ్జాండర్ బృందం యాభైమంది రోగులపై పరీక్షించి చూసింది. కొవ్వు తక్కువ, మాంసకృత్తులు ఎక్కువ, చేపనూనె, ఆర్జినిన్ అనే అమైనో ఆమ్లం కలిపిన గొట్టపు ఆహారం ఇచ్చినవాళ్లలో గాయాలకు ఇన్‌ఫెక్షన్లు తగ్గాయి. చాలామంది ఇక్కడితో చదవడం ఆపేసి డబ్బా కొంటారు. కానీ ఒకేసారి ఇన్ని మార్చినప్పుడు ఫలితం ఎవరి ఖాతాలో వెయ్యాలి? 1995లో గారెల్ బృందం దీన్ని విడదీసి చూసింది. 43 మందిలో కొందరికి మామూలు కొవ్వు, కొందరికి తక్కువ కొవ్వు, ఇంకొందరికి అదే తక్కువ కొవ్వులో చేపనూనె ఇచ్చారు. న్యుమోనియా తగ్గింది, గాయాలు త్వరగా మానాయి. ఆ ఘనత తక్కువ కొవ్వుదే, చేపనూనె చేర్చడం వల్ల అదనంగా ఒరిగిందేమీ స్పష్టంగా కనబడలేదు. నా లెక్కలో ఈ రెండో పరీక్షకే విలువెక్కువ. ఐరోపా నిపుణులు 2013లో ఇచ్చిన సూచనల్లోనూ మొత్తం క్యాలరీల్లో కొవ్వు వాటా 35 శాతం దాటనివ్వొద్దన్నదే ముఖ్యం. ఐసీయూలో మత్తుకిచ్చే పాలలాంటి ప్రొపోఫాల్ మందు కూడా నూనెలో కలిపిందే కాబట్టి దాన్నీ కొవ్వు లెక్కలో వెయ్యాలి.

గారెల్ పరీక్షలోలా కొవ్వును తగ్గించి పదిహేను శాతం అనుకుంటే మన రోగికి రోజుకు 45 గ్రాముల కొవ్వు. పాలు, గుడ్లు, తాలింపు అన్నీ కలిపి మూడు పెద్ద చెంచాల పాటి. బలం రావాలని అన్నంలో నెయ్యి కుమ్మరించే అత్తగార్లకు ఈ అంకె నచ్చదు.

అయితే గోలీకి బదులు చేపే పెట్టమంటారా అని అడుగుతారు. పెట్టండి. మన చెరువుల బొచ్చె, రవ్వలో ఒమేగా-3 తక్కువే, కానీ వంద గ్రాముల్లో పద్దెనిమిది గ్రాముల దాకా మాంసకృత్తులుంటాయి, మన రోగికి ముందు కావలసింది అవే. ఒమేగా-3 కావాలంటే విశాఖ, కాకినాడ వైపు దొరికే కవళ్లు, కనాగర్తలు మేలు. వేపుడు వద్దు, పులుసు చాలు. కాడ్ లివర్ ఆయిల్ వేరు సంగతి. అది చేప కాలేయం నుంచి తీసింది, విటమిన్ ఏ దండిగా ఉంటుంది, ఇష్టమొచ్చినట్టు తాగితే విషమే. శాకాహారులకు అవిసెల పొడి ఉంది, అందులోని ఒమేగా-3ని మన ఒళ్లు కొద్దిగానే ఈపీఏగా మార్చుకుంటుంది. మన వంటనూనెల్లో ఈ ఒమేగాల తూకం గురించి తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థలో గఫూరున్నీసా ఏళ్ల తరబడి పరిశోధించారు. ఒకే నూనె పట్టుకు వేలాడొద్దని ఆ సంస్థ చెబుతూనే ఉంది.

బొల్లారంలో కంటోన్మెంట్ ఆస్పత్రి ఉన్నా, పెద్ద గాయాలతో వచ్చినవాళ్లు ఊళ్లోని పెద్దాస్పత్రికే పోవాలి. అక్కడ ముక్కు గొట్టం వేసినప్పుడు కంగారుపడి తీయించకండి, మొదటి రోజు నుంచే ఆహారం లోపలికి పోవడం మంచిది. ఇంటికి పంపేటప్పుడు మందుల చీటీతో పాటు ఆహారం చీటీ కూడా అడిగి రాయించుకోండి. చర్మం అతికించే ఆపరేషన్ ముందుంటే, గోలీలు వాడుతున్నట్టు సర్జన్‌కు చెప్పండి, ఎక్కువ మోతాదులో అవి రక్తం గడ్డకట్టడాన్ని నెమ్మది చేయొచ్చు. పప్పుకూ చీముకూ సంబంధం లేదు. చీము సూక్ష్మక్రిముల వల్ల పడుతుంది. డబ్బా ఇంకా తెరవకపోతే, బిల్లు పట్టుకెళ్లి షాపువాడు వెనక్కి తీసుకుంటాడేమో అడగండి, ఆ డబ్బుతో గుడ్లు కొనండి.