తప్పు ఎక్కడికి పోయింది?

మూడో తరగతి పిల్ల ట్యాబ్‌ను రెండు చేతులా పట్టుకుని నా దగ్గరికి పరుగెత్తుకొచ్చింది. తెర మీద పది నక్షత్రాలు. “టీచర్, పదికి పది!” అంది. అవి తీసివేతలు, అప్పు తెచ్చుకుని చేయాల్సిన రెండంకెల లెక్కలు. వారం రోజులుగా చెబుతున్నా క్లాసులో సగం మందికి పట్టుబడలేదు. అందుకే ఆ నక్షత్రాలు చూస్తే ఆ పిల్లకన్నా నాకే ఎక్కువ సంతోషమైంది. బోర్డు మీద 52 రాసి, దాని కింద 27 రాసి, సుద్దముక్క చేతిలో పెట్టాను. ఏమాత్రం తడుముకోకుండా జవాబు వేసింది. 35.

మర్నాడు ఆ పిల్ల వెనకాలే చాప మీద కూర్చున్నాను. ఏమీ మాట్లాడకుండా వేలినే చూస్తున్నాను. తెర మీద లెక్క వచ్చింది, కింద నాలుగు జవాబులు. ఒకటి నొక్కింది. ఎర్రబడింది. ఇంకోటి నొక్కింది. అదీ ఎర్రబడింది. మూడోది నొక్కగానే చప్పట్లు, రాలిపడే రంగు కాగితాలు, ఒక నక్షత్రం. మొత్తం అయిదారు సెకన్లు. ఆ వెంటనే కొత్త లెక్క వచ్చి కూర్చుంది. ఎర్రబడ్డ రెండు జవాబులూ ఇక ఎక్కడా లేవు.

టీచరుగా నాకు కావలసింది ఆ రెండు జవాబులే.

పలక ఇచ్చి మళ్లీ 52లోంచి 27 తీయమన్నాను. మళ్లీ 35. “ఎట్ల చేసినవో చెప్పు బిడ్డా” అన్నాను. “ఏడులకెళ్లి రెండు తీసిన టీచర్, అయిదు. అయిదులకెళ్లి రెండు తీసిన, మూడు.” పెద్దదాంట్లోంచి చిన్నది తీయాలని ఒకటో తరగతిలో చెప్పింది మేమే. ఆ మాటను ఈ పిల్ల అంకె అంకెకూ పాటించింది. అది పరధ్యానంలో చేసిన తప్పు కాదు, ఒక పద్ధతి ప్రకారం చేసిన తప్పు. ఆ పద్ధతి ఏదో తెలిశాక దిద్దడం పెద్ద పని కాదు. చీపురు పుల్లలు పదేసి చొప్పున రబ్బరు బ్యాండు వేసిన కట్టలు అయిదు, విడి పుల్లలు రెండు ముందు పెట్టి, నాకు ఇరవై ఏడు ఇవ్వమన్నాను. రెండు కట్టలు ఇచ్చింది. విడి పుల్లలు రెండూ ఇచ్చింది. చేయి చాపి అలాగే కూర్చున్నాను. నా ముఖం చూసింది, కట్టల వంక చూసింది. “కట్ట ఇప్పాల్నా టీచర్?” అంది. ఇప్పమన్నాను. బ్యాండు ఊడదీసి, పదిట్లోంచి అయిదు నా చేతిలో పెట్టి, తన దగ్గర మిగిలినవి లెక్కపెట్టుకుంది. రెండు కట్టలు, అయిదు పుల్లలు. ఆ తర్వాత పలక మీది 35ను తనంతట తానే కొట్టేసింది.

ట్యాబ్‌లు వద్దని నేను అనడం లేదు. మా బడిలో ఇద్దరం టీచర్లం, అయిదు తరగతులు, 38 మంది పిల్లలు. ఈ ఊళ్లోనే చదువుకుని పైకొచ్చినవాళ్లు కలిసి ఆరు ట్యాబ్‌లు కొనిచ్చారు. నేను ఒకటి, రెండు తరగతుల చేత గుణింతాలు పలికిస్తున్నంతసేపు మూడో తరగతి వాళ్ల చేతిలో పని ఉంటుంది. ఒక్క గదిలో మూడు తరగతులు చూసుకునే టీచరుకు ఆ అరగంట విలువ ఏమిటో అలాంటి బడిలో పనిచేసినవాళ్లకు చెప్పనక్కర్లేదు. 2022లో తెలంగాణలో చదవడం, లెక్కల పునాది కోసం ‘తొలిమెట్టు’ కార్యక్రమం మొదలైనప్పటి నుంచి పిల్లవాడు ఏ తరగతిలో ఉన్నాడని కాక ఏ స్థాయిలో ఉన్నాడని చూడడం మాకు అలవాటైంది. చూడడం ఒక ఎత్తు, ఒకే గదిలో నాలుగు స్థాయిల పిల్లలకు నాలుగు రకాల పని ఇవ్వడం ఇంకో ఎత్తు. ఆ రెండో దాంట్లో ట్యాబ్ నిజంగా సాయం చేస్తుంది. యాప్‌లు ఎంచుకునేటప్పుడు నేను చూసేవి రెండే. నెట్ లేకపోయినా నడవాలి, ప్రకటనలు రాకూడదు. జీకాంప్రీ అలాంటిది. రెండేళ్ల నుంచి పదేళ్ల పిల్లల కోసం ఉచితంగా తయారవుతున్న ఆటల మూట అది. ఫ్రెంచి భాషలో ‘నాకు అర్థమైంది’ అనే మాటను పలికినట్టే ఉంటుంది ఆ పేరు.

నక్షత్రాల సంగతి బయటపడ్డాక పద్ధతి మార్చాను. ట్యాబ్‌కు ఇద్దరు. ఒకరి చేతిలో ట్యాబ్, ఒకరి చేతిలో పలక. పలక మీద జవాబు పడకుండా తెర ముట్టుకోకూడదు. తప్పని తేలితే చెరపకూడదు, కొట్టేసి పక్కన మళ్లీ చేయాలి. అయిదు లెక్కలు కాగానే చేతులు మారాలి. మొదట్లో పిల్లలకు బొత్తిగా నచ్చలేదు. రోజుకు ముప్పై నక్షత్రాలు వచ్చే చోట ఏడెనిమిదే వస్తున్నాయని అలిగారు. వారం తిరిగేసరికి గదిలో వాదనలు మొదలయ్యాయి. “అట్ల కాదురా, ముందుగాల ఒకట్లు చెయ్” అని ఒకడు, “నీది తప్పు, పుల్లలు తీసి సూడు” అని ఇంకొకతి. ఆ రొద నాకు చాలా ఇష్టం. పీరియడ్ చివర పలకలన్నీ వరండాలో వరుసగా పరిపిస్తాను. ఆ వరుస వెంట ఒకసారి నడిస్తే చాలు, రేపు పొద్దున ఎవరిని దగ్గర కూర్చోబెట్టుకోవాలో తెలిసిపోతుంది.

పరికరం చేతికిచ్చినంత మాత్రాన చదువు రాదని పెద్ద ఎత్తున తేలిన సంగతే. పెరూ దేశం పల్లె బడుల పిల్లలకు తలా ఒక ల్యాప్‌టాప్ ఇచ్చింది. 319 బడుల్లో చేసిన పరిశీలన 2012లో వెలువడింది. లెక్కల్లో గానీ భాషలో గానీ పిల్లలు ముందుకు వెళ్లిన జాడ కనిపించలేదు. ఢిల్లీలో వేరేగా జరిగింది. అక్కడ ‘మైండ్‌స్పార్క్’ అనే సాఫ్ట్‌వేర్ మీద కార్తీక్ మురళీధరన్, అభిజీత్ సింగ్, అలెజాండ్రో గనిమియన్ చేసిన అధ్యయనం 2019లో అచ్చయింది. నాలుగున్నర నెలల్లోనే పిల్లలు లెక్కల్లోనూ హిందీలోనూ బాగా మెరుగయ్యారు. వాళ్లు మా పిల్లలకన్నా పెద్దవాళ్లు, అయినా ఆ అధ్యయనంలో రెండు సంగతులు నన్ను పట్టి ఆపాయి. ఆ సాఫ్ట్‌వేర్ పిల్లలు చేసే తప్పుల తీరును గమనించి తర్వాతి పాఠాన్ని ఎంచుతుంది. ఇక పిల్లలు అక్కడ గడిపిన గంటన్నరలో సగమే కంప్యూటర్ ముందు, మిగతా సగం చిన్న గుంపుగా ఒక మనిషి దగ్గర. ట్యాబ్‌లు కొనేటప్పుడు ఈ రెండో సగం గురించి ఎవరైనా మాట్లాడుతారేమోనని మీటింగుల్లో ఎదురుచూస్తుంటాను.

చిన్న పిల్లల యాప్‌లలో నాకు అన్నిటికన్నా నచ్చింది స్క్రాచ్ జూనియర్. 2014లో వచ్చింది. అయిదు నుంచి ఏడేళ్ల వాళ్ల కోసం చేసింది కాబట్టి చదవడం రాకపోయినా పరవాలేదు. ఒక పిల్లి ఉంటుంది, దాన్ని నడిపించే బొమ్మల దిమ్మెలు ఉంటాయి, దిమ్మె మీద ఎన్ని అడుగులో అంకె వేయాలి. రెండో తరగతి మగపిల్లలిద్దరు ఆ పిల్లిని చెట్టు కింద నిలబెట్టాలని కూర్చున్నారు. 8 వేస్తే చెట్టు దాటిపోయింది. 5 వేస్తే చెట్టు దాకా రాలేదు. “ఎనిమిది ఎక్కువైంది, అయిదు తక్కువైంది, గంతే ఆరో ఏడో” అన్నాడు ఒకడు. ఎర్ర రంగు లేదు, మళ్లీ ప్రయత్నించమన్న మాట లేదు. పిల్లి ఎక్కడ ఆగిందో కనిపిస్తోంది, దిమ్మె మీద వాళ్లు వేసిన అంకె అలాగే ఉంది. రెంటినీ పక్కపక్కన చూసుకుని వాళ్లే సరిచేసుకున్నారు. ఈ ఆలోచనకు పెద్ద వంశమే ఉంది. 1967లో పిల్లల కోసం లోగో అనే కంప్యూటర్ భాష తయారు చేసినవాళ్లలో ఒకడైన సేమౌర్ పాపర్ట్, తప్పు సిగ్గుపడి దాచుకోవలసింది కాదని, విప్పి చూసి బాగుచేసుకోవలసిందని 1980లో ‘మైండ్‌స్టార్మ్స్’ పుస్తకంలో వివరంగా రాశాడు. ఆయన లోగోలో తాబేలును నడిపించాడు, మావాళ్లు పిల్లిని నడిపిస్తున్నారు.

చదవడం సంగతికొస్తే, ప్రథమ్ బుక్స్ వాళ్లు 2015లో మొదలుపెట్టిన స్టోరీవీవర్‌లో తెలుగు బొమ్మల కథలు బోలెడు దొరుకుతాయి. పిల్లవాడు పైకి చదువుతుంటే వినే యాప్‌లూ వచ్చాయి. గూగుల్ 2019లో ‘బోలో’ అని తెచ్చి తర్వాత ‘రీడ్ అలాంగ్’ అని పేరు మార్చిన యాప్ తెలుగు కూడా వింటుంది. నేను మాత్రం ఎక్కువగా వాడేది ట్యాబ్‌తో పాటే వచ్చే మామూలు వాయిస్ రికార్డర్‌ను. నెలకోసారి ఒక్కొక్కరిని బయట వేపచెట్టు కిందికి తీసుకెళ్లి ఒక పేజీ చదివించి రికార్డు చేస్తాను. గదిలో చేస్తే అందరి గొంతులూ కలిసిపోతాయి. ఫైలుకు పిల్లవాడి నంబరు, తేదీ పేరుగా పెడతాను. దిద్దను, మధ్యలో ఆపను.

నాలుగో తరగతి పిల్లవాడు ఒకడికి ఒత్తులు కనబడేవి కావు. అమ్మమ్మను ‘అమమ’ అని, పువ్వులను ‘పువులు’ అని చదివేవాడు. జూలైలో ఒక పేజీకి నాలుగు నిమిషాలు పట్టింది. డిసెంబరులో చదివించాక, జూలైది పెట్టి ట్యాబ్ చేతికిచ్చాను. చెవికి ఆనించుకుని విన్నాడు. కాసేపు ఆ గొంతు ఎవరిదో పోల్చుకోలేకపోయాడు. బియ్యం దగ్గర ఆ గొంతు ‘బి... బియం’ అంది. “బియ్యం!” అన్నాడు వీడు, ట్యాబ్‌తోనే. తర్వాతి వాక్యంలో అది మళ్లీ తడబడింది. ఈసారి కసిరినట్టు కాకుండా, మా ఒకటో తరగతి పిల్లలకు చెప్పినట్టు, నిదానంగా, “ఒత్తు సూడు, కింద ఒత్తుంది సూడు” అన్నాడు. అయిపోయాక ట్యాబ్ తిరిగిస్తూ, “గిది తీసెయ్యకుండ్రి టీచర్” అన్నాడు.

సంక్రాంతి సెలవుల ముందు ట్యాబ్‌లలో జాగా నిండిపోయింది. పాత ఫైళ్లు తీసేద్దామని మా హెచ్ఎం సార్ అన్నారు. ఆ సాయంత్రం ఇద్దరం కూర్చుని పాటల వీడియోలు తీసేశాం. జూలై గొంతులు 38 అలాగే ఉన్నాయి.